ఒకటా, అరా

"ఈ నాలుగు మూలలా పసుపు మరకలు లేకపోయుంటే దీని విలువ ఇంకా ఎక్కడికో పోయేది మేడమ్" అన్నాడు రూపేష్.

పంకజాక్షి చేతిలో అద్దం కోసే ములికి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేసింది. చేతిలో ఉంటే ఏం చేస్తుందో తనకే నమ్మకం లేకపోయింది.

మరకలట. ఆ పుస్తకం అచ్చాఫీసు నుంచి ఇంటికొచ్చిన రోజు వాళ్లమ్మ సుబ్బులమ్మ తలకు పోసుకుని, కొత్త బట్టకు పెట్టినట్టు నాలుగు మూలలా పసుపు పెట్టి, వెంకన్న పటం ముందు పెట్టి దండం పెట్టుకుంది. తోటలో తొలికాయ దేవుడిది, ఆవు ఈనితే తొలి జున్ను దేవుడిది, మొగుడు వేసిన బొమ్మల పుస్తకం అచ్చయితే తొలి ప్రతి దేవుడిది. చేతులకు తెల్లటి గ్లౌజులు తొడుక్కుని మద్రాసు నుంచి దిగిన ఈ పెద్దమనిషికి అది మరక.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందులో పంకజాక్షిది పటాలు కట్టే కొట్టు. భర్త కొండ మీద అంగట్లో పటాలు అమ్ముతాడు, ఈమె కింద కూర్చుని చట్రాలు బిగిస్తుంది. పుస్తకం బయటపడిందీ ఆ పనిలోనే. నిరుడు నాయన తిరుమలయ్య పోయాక, చిత్తూరు ఇంట్లో చెదలు పట్టిన పాత వెంకన్న పటాన్ని తెచ్చి కొత్త చట్రం వేద్దామని మేకులు పీకింది. పటం వెనక అట్టముక్క ఉండాల్సిన చోట 'గిలక' పిల్లల మాసపత్రిక కనపడింది. అట్ట మీద నాయన బొమ్మల కథలోని గొర్రెలు కాసే సూరిగాడు నవ్వుతున్నాడు. ప్రపంచంలో ఒక్కటి కూడా మిగల్లేదని నాయన చచ్చేదాకా నమ్మిన సంచిక అది. అమ్మ దాచి, భయంతో కట్టుకున్నవాడికి కూడా చెప్పకుండా, అంతకు ముందే పోయింది. పటం ముందు రోజూ దీపం పెట్టిన నాయనకు, పటం వెనక తన చేతిరాతే ఉందని తెలియకుండానే పోయింది ప్రాణం. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా పంకజాక్షికి అమ్మ మీద కూడా కోపం వస్తుంది. కానీ ఆ కోపానికి అసలు అడ్రసు అమ్మ కాదు.

రూపేష్ పదమూడో పేజీ తెరిచి, ఊపిరి తగిలితే చెరిగిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా వంగి చూస్తున్నాడు. పక్కన స్టూలు మీద పంకజాక్షి తమ్ముడు ధర్మేంద్ర కూర్చున్నాడు. ఇతణ్ని వెంటబెట్టుకొచ్చింది వాడే.

"హీరో మొదటిసారి వచ్చిన సంచికను అందరూ దాచుకుంటారు మేడమ్" అన్నాడు రూపేష్. "ముందు నెలలోనే ప్రకటన ఇస్తారు కదా, అట్ట మీద రంగుల్లో వేస్తారు. విలన్ అలా రాడు. చెప్పాపెట్టకుండా ఏ మధ్య పేజీలోనో నాలుగు బొమ్మల్లో కనిపించి పోతాడు. రేపు వీడే కథంతా మింగేస్తాడని అప్పుడు ఎవరికి తెలుసు? అందుకే ఆ సంచిక శనక్కాయల పొట్లాలకు పోతుంది. తర్వాత వాడు పెద్దవాడయ్యాక, వీడు మొదట ఎక్కడ కనిపించాడబ్బా అని అందరూ వెతుక్కుంటారు."

మాట వరకూ నిజమే. ఇప్పుడు సావుకారి అయిన జయరావు కూడా చిత్తూరు మామిడి మండీలోకి అట్లాగే వచ్చాడని నాయన చెప్పేవాడు. కాటా దగ్గర చీటీలు రాసే గుమాస్తాగా, ఎవరి కంటా ఆనకుండా.

"పైగా ఇందులో విలన్ చేతి మీది తువ్వాలు లేస్తుంది" అంటూ రూపేష్ చివరి బొమ్మ మీద వేలు ఆడించాడు, తగలకుండా. "తర్వాత మూడేళ్లు నడిచింది కథ. తువ్వాలుదొర చేతి మీద తువ్వాలు మళ్లీ ఒక్కసారి కూడా తియ్యలేదు. దాని కింద ఏముందోనని బళ్లో కొట్టుకునేవాళ్లం మేమంతా. ఒకడు పాము అనేవాడు, ఒకడు ఇనప కొక్కెం అనేవాడు. సూరిగాడి పేరు మర్చిపోయినవాళ్లు కూడా తువ్వాలుదొరని మర్చిపోలేదు. తీరా చూస్తే ఇదీ సంగతి. సగం తెగిన వేలు."

"ఊ" అంది పంకజాక్షి.

"ఇంక దొరకడం అంటారా, దొరకదు. ప్రతులన్నీ ఎక్కడో తగలబడిపోయాయట. మీరేమీ అనుకోకపోతే, ఆ మంట ఒకరకంగా మన అదృష్టం మేడమ్. తగలబడ్డాయి కాబట్టే దీనికింత విలువ."

పంకజాక్షికి కోపం నషాళానికి అంటింది.

"అదృష్టమా" అంది. "ఎవురు కాల్చినారో తెలుసునా నీకు? మా నాయన. మా నాయన చేతనే అగ్గిపుల్ల గీయించినారు. ఆ పొద్దు నేను ఆ కట్టల మీద కూర్చోని తోపుడుబండిలో పోయినాను. తొమ్మిదేండ్లు నాకు. యాడికో ఊరేగింపుకు పోతా ఉండామనుకున్న్యా."

రూపేష్ గ్లౌజులు సవరించుకున్నాడు. ధర్మేంద్ర నేల చూపులు చూశాడు.

ఆ కథ పంకజాక్షికి కంఠతా వచ్చు. తాత దొరస్వామికి చిత్తూరు పక్కన మామిడితోట ఉండేది. మండీలో బేరం నోటితో ఉండదు. కొనేవాడు చేతి మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు చాపుతాడు. అమ్మే రైతు ఆ వేళ్లు పట్టుకుని చూస్తాడు. ఒక వేలు ఒక వంద, ఎన్ని వేళ్లయితే అన్ని వందలు. సరే అంటే తలూపాలి, కాదంటే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. తువ్వాలు కింద మాట తువ్వాలు కిందే పోవాలి. నాకింత పలికిందని పక్కవాడితో చెప్పుకున్న రైతు మళ్లీ మండీలో తలెత్తుకోలేడు. అది కట్టుబాటు. తాతల నాటి కట్టుబాటు అని దాన్ని మోయనివాడు లేడు. ఎవడి మేలు కోసం మోస్తున్నామో అడిగినవాడూ లేడు.

జయరావు కుడిచేతి ఉంగరం వేలు చిన్నప్పుడే చెరుకుగానుగలో సగానికి పోయింది. గానుగలో వేలు పోయిందంటే ఎవరైనా అయ్యో అంటారు. ఆ వేలితో ఊళ్లకు ఊళ్లను గానుగాడించినవాణ్ని ఏమనాలో మాత్రం ఎవరూ చెప్పరు. తువ్వాలు కింద అతను నాలుగు వేళ్లు చాపుతాడు. రైతు గుప్పిటతో మొదళ్లు పట్టుకుంటే నాలుగూ ఉన్నట్టే ఉంటాయి. తలూపుతాడు. కాయ దించేస్తాడు. తీరా చీటీ చేతికొస్తే అందులో మూడున్నర అని ఉంటుంది. అదేమిటి సావుకారీ అంటే, వేలు అర ఉండాది గదప్పా, నువ్వే పట్టుకుని చూసి తలూపినావు గదా అంటాడు.

దించిన కాయ మళ్లీ చెట్టెక్కదు. ప్రతి రైతూ పొరపాటు తనదే అనుకున్నాడు. తానొక్కడే చెయ్యి తడిమి కూడా తెలుసుకోలేని వెర్రివాడననుకున్నాడు. పక్కవాడికి చెబుదామంటే కట్టుబాటు, పైగా సిగ్గు. దొంగ దొరలా తిరుగుతుంటే దోపిడీకి గురైనవాళ్లు తేలు కుట్టిన దొంగల్లా నోరు మూసుకున్నారు. ఏ ఒక్క సాయంత్రమైనా టీ అంగడి దగ్గర నలుగురు కూర్చుని నాలుగు చీటీలు పక్కపక్కన పెట్టి ఉంటే ఆ పూటే తేలిపోయేది. పెట్టలేదు.

దొరస్వామి ఒక్కడే అడిగాడు, అందరి ముందూ. జయరావు కోప్పడలేదు. నవ్వాడు. "వేళ్లు ఎంచుకునేది రానోడివి బ్యారానికి ఎందుకొచ్చినావప్పా" అన్నాడు. మండీ అంతా నవ్వింది. నవ్విన వాళ్లలో సగం మంది అదే దెబ్బ తిన్నవాళ్లే. ఆ రోజు నుంచి తాత పేరు మూడున్నర దొరస్వామి. నాయన మూడున్నరోడి కొడుకు. బళ్లో పంకజాక్షిని అట్లాగే పిలిచేవాళ్లు, మూడున్నరా, పలక తే, అని. తాత మళ్లీ మండీ గడప తొక్కలేదు. తోట కౌలుకిచ్చేశాడు. బతికినన్నాళ్లూ తన వేళ్లు ఎవరికీ కనబడకుండా గోడవైపు తిరిగి అన్నం తిన్నాడు.

తిరుమలయ్య అంగళ్లకు బోర్డులు రాసేవాడు, నెలనెలా 'గిలక'కు బొమ్మల కథ వేసేవాడు. ఒక వేసవి జయరావు మండీకే బోర్డు రాయాల్సి వచ్చింది. నిచ్చెన మీద నిలబడి అక్షరాలు దిద్దుతూ కింద జరిగేదంతా చూశాడు. పొద్దున రైతు దగ్గర కొనేటప్పుడు ఆ చేతికి చీటీలో మూడున్నర పడేది. మధ్యాహ్నం బొంబాయి సేటుకు అమ్మేటప్పుడు అదే చేతికి నాలుగు పడేది. ఒక్క రోజులో వేలు మొలిచేది. ఆ నెల సూరిగాడి కథలోకి తువ్వాలుదొర వచ్చాడు. చివరి బొమ్మలో సూరిగాడు తువ్వాలు లాగేస్తాడు, చెయ్యి కనపడుతుంది, కింద నాయన రాత ఉంటుంది. కొనేటప్పుడు అర, అమ్మేటప్పుడు ఒకటి.

పిల్లల పుస్తకం. ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు జయరావు మూడో రోజుకే కదిలాడు. అచ్చాఫీసు నడిచేది అతని కట్టడంలోనే. అరుపుల్లేవు, కొట్లాటలేదు. అచ్చాఫీసు ఓనరు వచ్చి తిరుమలయ్య చేతులు పట్టుకున్నాడు, అంతే. అంగళ్లలో ఉన్న ప్రతులన్నీ తోపుడుబండిలో వెనక్కి తెచ్చి, మండీ వెనక కుళ్లిన కాయలు పోసే గుంటలో వేసి, గీసినవాడి చేతనే నిప్పు పెట్టించారు. జయరావు గట్టు మీద నిలబడి చూశాడు, చేతి మీద తువ్వాలుతో. కుళ్లుమామిడీ అచ్చుసిరా కలిసి కాలిన ఆ కంపు పంకజాక్షి ముక్కులోంచి ఇప్పటికీ పోలేదు. ఆ తర్వాత మూడేళ్లు నాయన నెలనెలా ఆ తువ్వాలును గీశాడు, లేపకుండా. పిల్లలు దాన్ని మహా రహస్యం అనుకున్నారు. అది రహస్యం కాదు, మూసిన నోరు.

ఇన్నేళ్ల తర్వాత ఒకాయన వచ్చి అది అదృష్టమంటున్నాడు.

"క్షమించండి మేడమ్, నాకు తెలీదు" అన్నాడు రూపేష్. అని ఊరుకుంటే బాగుండేది. సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "కొనే పార్టీ మీరు ఎంతంటే అంత ఇస్తారు. బేరం లేదు. ఒక్కటే అడిగారు. దీని జెరాక్సులు గానీ ఫోటోలు గానీ మీ దగ్గర ఉంచుకోకూడదు. ఉంటే అవి కూడా ఇచ్చెయ్యాలి."

పంకజాక్షి ఆ కాగితం అందుకుంది. చదివింది కాదు, ఆలోచించింది. పాత పుస్తకాల పిచ్చి ఉన్నవాడికి అసలు ప్రతి చేతిలో ఉండగా జెరాక్సు ఎవరి దగ్గరుంటే ఏం? జెరాక్సుకు కూడా భయపడేవాడు పుస్తకం కొనడం లేదు. అందులో ఉన్న బొమ్మను కొంటున్నాడు.

"ధర్మేంద్రా" అంది. "తలెత్తు."

వాడు ఎత్తలేదు. వాడు పనిచేసేది జయరావు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో, సూపర్‌వైజరుగా.

"పుస్తకం దొరికిండాదని ఎవురితో సెప్పినావురా?"

"ఆఫీసులో మాటకు అన్న్యానక్కా. మా నాయన బొమ్మలేసినాడని గొప్పకు సెప్పుకున్న్యా. సావుకారి మనవడు విన్నాడు. ఈ సార్‌ను ఆయనే పిలిపించినాడు. వచ్చే శుక్రవారం కొత్త వేలంపాట షెడ్డు తెరస్తా ఉండారు. సావుకారి పేరు పెట్టినారు. రైతుబాంధవుడని బిరుదు ఇస్తారంట. ఈ టయంలో ఇది బయటికొస్తే బాగుండదని..."

"ఎవురికి బాగుండదు?"

ఆమె రూపేష్ వైపు తిరిగింది.

"ఇది తీసుకుపోయి వాళ్ల చేతిలో పెడితే వాళ్లు ఏం జేస్తారో తెలుసునా సార్ నీకు?"

"అది... నేను అడగలేదు మేడమ్. ఒక్కసారి కళ్లారా చూస్తే చాలనుకుని వచ్చాను. ముప్ఫయ్యేళ్లుగా వెతుకుతున్నాను."

"కాలుస్తారు. ముప్ఫయ్యేండ్ల కింద మిగిలిన పని పూర్తి జేస్తారు. గ్లౌజులేసుకుని నువ్వే మోసుకుపోయి ఇస్తావు. మా నాయనకైతే గ్లౌజులు గూడా ఇయ్యలేదు."

రూపేష్ చెడ్డవాడు కాడు, ఆ సంగతి పంకజాక్షికీ తెలుసు. కానీ చెడ్డవాళ్ల పనులన్నీ చేసిపెట్టేది ఇట్లాంటి మంచివాళ్లేనని ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఒక అచ్చాఫీసు ఓనరు, ఒక సూపర్‌వైజరు తమ్ముడు, ఒక పుస్తకాల ప్రేమికుడు.

పుస్తకం తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టింది.

"అమ్ముతా" అంది. ఇద్దరూ తలెత్తారు. "మండీ సరుకు మండీలోనే అమ్మాల. సావుకారినే రమ్మను. తువ్వాలు కింద, అందరి ముందర. అది కుదరదంటే ఈ పొద్దే ఆ పేజీని పటం గట్టి కొట్టు ముందర తగిలిస్తా. కొండకు పోయే జనమంతా సూసుకుంటూ పోతారు."

ధర్మేంద్ర ఫోన్ చేసి చెబితే జయరావు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? డెబ్బై దాటిన వయసులో కూడా తన మండీలో బేరానికి వెనక్కి తగ్గాడన్న మాట పడడు. పైగా మూడున్నర దొరస్వామి మనవరాలు తువ్వాలు కింద బేరానికి వస్తోందంటే అతనికి నవ్వొచ్చి ఉంటుంది. మండీలో ఆడది తువ్వాలు కింద చెయ్యి పెట్టడం అంతవరకూ ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ చిత్తూరు బస్సెక్కారు. దారి పొడుగునా ధర్మేంద్ర ఒక్కటే మాట, అక్కా, ఇంకోసారి ఆలోచించు, అని. పంకజాక్షి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆలోచించడానికి ఆమెకు ముప్ఫై ఏళ్లు దొరికాయి.

మండీలో నిలబడడానికి చోటు లేదు. బేనీషా, బెంగుళూరా మామిడికాయల కుప్పలు, మధ్యలో ట్రాక్టర్లు, వాసనకు మూగిన ఈగలు. జయరావు కాటా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, కుడిచేతి మీద తువ్వాలు. నాయన గీసిన బొమ్మకు ముసలితనం వస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాడు.

"రామ్మా" అన్నాడు చల్లగా. "మీ నాయన మంచోడు. పోయినాడని తెలిసి బాధపడినా. పాత పుస్తకం ఏందో ఉండాదంట గదా."

"ఉండాది."

"పాత పుస్తకాలంటే మా మనవడికి మోజు. నీకు నష్టం రాకుండా సూస్తాలే." చుట్టూ మూగిన రైతుల వైపు చూసి నవ్వాడు. "ఆడబిడ్డ ముచ్చటపడింది, తువ్వాలు కిందే కానిద్దాం."

కొందరు నవ్వారు. మూడున్నరోడి మనవరాలంట అని వెనక ఎవరో అన్నారు. ఆ మాట పంకజాక్షి వీపుకు చెర్నాకోలలా తగిలింది. ముందుకు నడిచి, తువ్వాలు కింద చెయ్యి పెట్టింది.

ముసలి చెయ్యి వెచ్చగా, మెత్తగా ఉంది. కాయ కోసిన చెయ్యి కాదు, కాటా ఎత్తిన చెయ్యి కాదు. నాలుగు వేళ్లు చాపింది. ఆమె వాటిని గుప్పిట పట్టలేదు. ఒక్కొక్కటే తడుముకుంటూ పోయింది. చూపుడు వేలు. మధ్య వేలు. ఆ తర్వాత సగంలో ఆగిపోయిన వేలు. తాతను గోడవైపు తిప్పిన వేలు, నాయన చేత అగ్గిపుల్ల గీయించిన వేలు ఇదే. అది దొరకగానే గట్టిగా పట్టుకుంది.

"సావుకారీ" అంది, అందరికీ వినపడేట్టు. "ఇది ఒకటా, అరా?"

మండీ నిశ్శబ్దమైపోయింది. తువ్వాలు కింద చెయ్యి ఉండగా నోరు విప్పినవాళ్లు ఆ మండీలో ఎవరూ లేరు.

"తువ్వాలు కింద మాట్లాడకూడదమ్మా" అన్నాడు జయరావు. నవ్వు ఇంకా పోలేదు.

"ఆ కట్టుబాటు మండీవోళ్లకు. నేను పటాలు గట్టుకునేదాన్ని. అడిగిందానికి సెప్పు. ఒకటా, అరా?"

చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. రోజంతా చట్రాలకు మేకులు బిగించే చెయ్యి అది. జయరావు చుట్టూ చూశాడు. ఇన్ని కళ్ల ముందు ఒక ఆడదానితో పెనుగులాడలేడు. ఈ గోల త్వరగా తేలిపోతే చాలుననుకున్నాడో, ఎప్పటి అలవాటో, గొంతు తగ్గించి బుజ్జగింపుగా అన్నాడు.

"గమ్ముగుండమ్మా. నీకు ఒకటే లెక్కేసుకుంటాలే."

గొంతు తగ్గించాడు గానీ అంతటి నిశ్శబ్దంలో ఆ మాట వినపడనివాడు లేడు.

"నాకు ఒకటా" అంది పంకజాక్షి. "మా తాతకు అర, నాకు ఒకటి. బొంబాయి సేటుకు ఒకటి. అడగగలిగినోళ్లకంతా ఒకటి. అడగలేనోళ్లకు అర. అంతేనా సావుకారీ?" తల తిప్పి రైతుల వైపు చూసింది. "మీకెంతప్పా? ఒక్కొక్కరూ సెప్పండి. ఈ వేలు మీకు ఒకటా, అరా?"

ఎవరూ కదల్లేదు. మళ్లీ అదే మౌనం. ఇన్నేళ్లుగా పంకజాక్షి తన కోపం జయరావు ఒక్కడి మీదే అనుకుంది. కాదు. ఆ రోజు తాత అడిగితే నవ్విన ఈ మౌనం మీద అంతకు రెండింతలు ఉంది.

అప్పుడు బేనీషా కుప్ప పక్కన కూర్చున్న ఒక ముసలాయన లేచాడు. నడుము వంగిపోయింది, కళ్లజోడుకు దారం కట్టుకున్నాడు.

"నాకు అర" అన్నాడు.

పక్కనున్న నడివయసు రైతు అతని వైపు తిరిగాడు. "నీకూ అరేనా? నాకొక్కడికే అనుకున్న్యానే."

"మా నాయనకు అర ఏసినాడు. నేను గట్టిగా అడిగితే నాకు ఒకటి ఏసినాడు. ఎవురికీ సెప్పొద్దన్నాడు." ఇది ఇంకొకడు, తల దించుకుని.

"నాకు నిరుడు కూడా అరే."

"నాకూ."

మాటలు అటు నుంచి ఇటు వచ్చి పడుతున్నాయి. జయరావు ఒక్క గుంజు గుంజి చెయ్యి లాక్కున్నాడు. చెయ్యి వచ్చింది, తువ్వాలు రాలేదు. అది పంకజాక్షి పిడికిట్లో ఉండిపోయింది. పట్టపగలు, అందరి కళ్ల ముందు, ఆ చెయ్యి కుర్చీ చేతి మీద బయటపడింది. జయరావు దాన్ని పంచె మడతలో దాచుకోవాలని చూశాడు. పాపం అనిపించలేదు పంకజాక్షికి. అనిపించాలని కూడా అనుకోలేదు.

సంచిలోంచి పుస్తకం తీసి పదమూడో పేజీ తెరిచింది.

"మా నాయన తిరుమలయ్య ఏసింది ఇది" అంది. "ముప్ఫై ఏండ్ల కింద. మీకోసరమే ఏసినాడు. ఈడనే ఎనక గుంటలో కాల్పించినారు."

ముసలాయన చెయ్యి చాపాడు. ముందు పంచెకు తుడుచుకున్నాడు గానీ కాయ కోసిన చేతి సొన అంత తేలిగ్గా పోదు. పేజీ అంచున అతని బొటనవేలు నల్లగా అచ్చుపడింది. కళ్లజోడు సర్దుకుని చివరి బొమ్మ చూశాడు, కింద రాత కూడబలుక్కుని చదివాడు, పక్కవాడికి ఇచ్చాడు. పక్కవాడు ఇంకొకడికి. పుస్తకం చేతుల మీద పోతోంది.

"మేడమ్" అన్నాడు రూపేష్, ఏడుపు గొంతుతో. "సొన అంటుకుంటే పోదు మేడమ్. కాగితం తినేస్తుంది. ఒక్కో చెయ్యి తగిలేకొద్దీ దాని విలువ పడిపోతోంది. దయచేసి తీసుకోండి."

"తగలనీ."

"అది ఒక్కటే ఉంది లోకంలో."

"ఆ రోజు పుస్తకాలు రాసులుగా ఉండె. ఒక్కటి గూడా ఈళ్ల చేతికి రాలా" అంది పంకజాక్షి. "విలువ గురించి నువ్వు సెప్పినావు, విన్న్యాను సార్. ఇప్పుడు గమ్మునుండు."

అతను పుస్తకం ఎటు పోతే అటు చూపులు తిప్పుకుంటూ నిలబడ్డాడు. ధర్మేంద్ర మెల్లగా వచ్చి అక్క పక్కన చేరాడు.

"నా ఉద్యోగం పోయినట్టేనక్కా."

"పోనీ. వచ్చి చట్రాలు బిగించు. ఆడ కనీసం మనిషి ముందర పటం ఉంటాది, మనిషి వెనక గొయ్యి ఉండదు."

జయరావును మనవడు వచ్చి లోపలికి తీసుకుపోయాడు. కాటా దగ్గర గుమాస్తా పెన్ను పట్టుకుని, ఏం రాయాలో తెలియక, ఎవరి వైపూ చూడకుండా కూర్చున్నాడు. ఆ పూట బేరాలు నిలిచిపోయాయి. కుప్పల మధ్య రైతులు గుంపులు గుంపులుగా నిలబడి పాత లెక్కలు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు, గట్టిగా, నోటితో.

పుస్తకం పంకజాక్షి చేతికి తిరిగొచ్చేసరికి అట్ట ఊడి వేలాడుతోంది. పేజీ నిండా సొన ముద్రలు, అమ్మ పెట్టిన పసుపు మీద కూడా. ఆమె దాన్ని జయరావు తువ్వాల్లోనే చుట్టి సంచిలో పెట్టుకుంది.

"ఎవురి బిడ్డప్పా ఈమె?" అని అప్పుడే వచ్చిన ఒక ట్రాక్టరు డ్రైవరు అడిగాడు.

"మూడున్నర దొరస్వామి మనవరాలంట" అన్నాడు పక్కనున్న కుర్రాడు.

కళ్లజోడుకు దారం కట్టుకున్న ముసలాయన వాడి వైపు తిరిగాడు.

"మూడున్నర కాదురా" అన్నాడు. "నాలుగు. ఆ మనిషి ఆ పొద్దు నాలుగనే సెప్పినాడు. నేను ఈడనే నిలబడి నవ్వినా."

పంకజాక్షి ఆ మాట విని ఆగింది గానీ వెనక్కి తిరగలేదు. ఆ క్షణాన తిరిగితే అతణ్ని క్షమించాల్సి వస్తుంది. దానికి ఇంకా పొద్దుంది. సంచి భుజాన వేసుకుని తిరుపతి బస్సు ఆగే చోటికి నడిచింది.